యాంకర్ సామాన్లలో మిగుల్చుకోవాల్సింది బోల్టు మీద కాదు

"రాక్ క్లైంబింగ్ యాంకర్లకి చవగ్గా దొరికి ఎక్కువ కాలం మన్నే బోల్టులు, హ్యాంగర్లు, లింకులు ఎలా చూసి కొనాలి" అని ఇక్కడ ఒకరు అడిగారు. నేను చూసేసరికే కింద ఇద్దరు ముగ్గురు "ఆన్‌లైన్‌లో ఫలానా సెట్టు తీసుకోండి, నాకైతే ఆగింది" అని రాసేశారు. ఆగిందంటే ఏంటండీ, ఆగనివాళ్ళు వచ్చి రివ్యూ రాయలేరు కదా.

నేను చెప్పేది ఒక్కటే. యాంకర్ అంటే ఎక్కే దారి పైన తాడు తగిలించడానికి రాతికి బిగించి ఉంచే సామాను. అందులో రాతిలో ఉండిపోయే భాగం వేరు, తాడు రాసుకుని అరిగిపోయే భాగం వేరు. బోల్టు, దానికి బిగించే కన్నమున్న రేకు, అంటే హ్యాంగర్, మొదటి రకం. హ్యాంగర్‌కి తగిలించే లింకు, రింగు, చెయిన్ రెండో రకం. మొదటి దాని దగ్గర కక్కుర్తి పడొద్దు, రెండోది మాత్రం మామూలుది, విప్పి మార్చుకోడానికి వీలుగా ఉండేది కొనండి. ఎందుకంటే ఇందులో అసలు ఖర్చు బోల్టు కాదు, కన్నం. డ్రిల్లు మోసుకుని పైకెళ్ళి, బ్యాటరీ తగలేసి, తాడు మీద వేలాడుతూ కన్నం కొట్టి, బ్రష్‌తో దుమ్ము దులిపి, ఊది, మళ్ళీ దులిపి వేస్తాం. ఆ బోల్టు పోయిందంటే చాలాసార్లు పాతది ఊడి రాదు, పక్కన ఇంకో కన్నం కొట్టాల్సిందే, ఆ రాయేమో మనకి కొత్తది దొరకదు.

ఒకసారి మేం ఒక పాత రూట్ (కొండ ఎక్కే దారి) పైన యాంకర్ మార్చడానికి వెళ్ళాం. కింద నుంచి చూస్తే హ్యాంగర్లు తళతళలాడుతున్నాయి, ఇంత మంచివాటిని ఎందుకు మార్చడం అని మావాడు ఒకటే గొణుగుడు. దగ్గరికెళ్ళి చూస్తే హ్యాంగర్ కింద రాయి మీద తుప్పు నీళ్ళ చార బెత్తెడు పొడుగున దిగి ఉంది, నట్టు అంచులు పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. పానా పెట్టి ఇంకా బలం కూడా పెట్టలేదు, ఊరికే అటు తిప్పానంతే, టుప్ మని బోల్టు రాతికి సమంగా విరిగి నట్టుతో సహా చేతిలోకొచ్చింది. విరిగిన ముఖం చూస్తే దాదాపు అంతా నల్లగా, గోధుమ రంగులో ఎప్పుడో పాడైపోయి ఉంది, ఒక అంచున గోరు చివరంత మేర మాత్రం కొత్తగా విరిగిన తెల్లటి ఇనుము. అంటే అప్పటిదాకా జనం వేలాడింది ఆ గోరంత ముక్క మీద! అంతకుముందు ఆదివారం కూడా ఎవరో ఎక్కారు దాని మీద. మావాడు ఆ తర్వాత గొణగలేదు.

సంగతేంటంటే, ఆ వేసినాయన హ్యాంగర్ స్టెయిన్‌లెస్‌ది కొన్నాడు, బోల్టు మాత్రం జింక్ పూత వేసిన మామూలు ఇనుముది కొన్నాడు. కొంటున్నప్పుడు రెండూ ఒకే తెలుపు, ఎవరికీ తేడా తెలీదు. కానీ రెండు రకాల లోహాలు తడిలో ఆనుకుని ఉంటే తక్కువ రకందే ముందు తినేసుకుపోతుంది, పైగా ఇక్కడ హ్యాంగర్ పెద్దది, బోల్టు చిన్నది, కాబట్టి దెబ్బంతా ఆ చిన్నదాని మీదే పడుతుంది. అది కూడా హ్యాంగర్ వెనక, కన్నంలో, మనకి కనపడని చోట. పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్లేదు.

అందుకని సరుకు రాగానే ఒక అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా టక్కున అతుక్కుందా, అది మామూలు ఇనుమనే అనుమానించండి, లిస్టింగ్‌లో ఏం రాసినా సరే. బోల్టులకి మామూలుగా వాడే స్టెయిన్‌లెస్ రకాలు రెండు, 304, 316. వాటికి అస్సలు పట్టదు, లేదా వంచినచోట ఏదో కొద్దిగా పట్టీ పట్టనట్టు పడుతుంది. బోల్టుకి, నట్టుకి, వాషర్‌కి, హ్యాంగర్‌కి విడివిడిగా పెట్టి చూడాలి, వాషర్ దగ్గర మోసం చేసేవాళ్ళు కూడా ఉన్నారు. కాకపోతే 304కీ 316కీ తేడా అయస్కాంతం చెప్పదు, దానికి తల మీద గుర్తు చూడాలి, ఏ2 అంటే 304 రకం, ఏ4 అంటే 316 రకం. 316లో మాలిబ్డినం అనే లోహం రెండు మూడు శాతం కలుపుతారు, అందుకే ఉప్పుకి కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. అలాగని సముద్రం పక్కన కొండకి 316 వేసి నిశ్చింతగా ఉండకండి. థాయ్‌లాండ్‌లో రైలే దగ్గర సముద్రపు సున్నపురాతి గోడల్లో స్టెయిన్‌లెస్ బోల్టులు కూడా లోపల పగుళ్ళు పట్టి విరిగాయి, అందుకే అక్కడ టైటానియం బోల్టులు జిగురుతో అతికించడం మొదలెట్టారు. అలాంటి చోట చవక అనే మాట మర్చిపోవాలి, అంతే.

హ్యాంగర్ మీద ఇ.ఎన్. 959 (రాతి యాంకర్లకి యూరప్ ప్రమాణం) గానీ యు.ఐ.ఏ.ఏ. (అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య) గుర్తు గానీ, కిలోన్యూటన్ల అంకె గానీ లేకపోతే తిప్పి పంపేయండి. కిందికి లాగితే కనీసం 25 కిలోన్యూటన్లు తట్టుకోవాలి, అంటే సుమారు రెండున్నర టన్నులు. గట్టి రాతికి 10 మిల్లీమీటర్ల బోల్టు, మెత్తటి రాతికి 12 లేదా జిగురుతో అతికించే రకం. వేయడం మాత్రం చేసినవాళ్ళ పక్కన ఉండి నేర్చుకోండి, వీడియో చూసి కాదు.

ఇక మిగుల్చుకునే చోటు. వెల్డింగ్ చేసిన రింగు, చెయిన్ అన్నీ కలిపి అందంగా వచ్చే సెట్టు వద్దు, అందులో ఒక్క రింగు అరిగితే మొత్తం పోయినట్టే. హ్యాంగర్‌కి ఒక క్విక్ లింకు (మర తిప్పి మూసే కొలికి), దానికి ఒక స్టీలు రింగు, చాలు. గాడి పడిన రోజు పానాతో లింకు విప్పి ఆ ముక్క మార్చేస్తే సరి. హార్డ్‌వేర్ షాపు లింకు కొనొచ్చా అంటే కొనొచ్చు, కానీ దాని మీద తయారీదారు పేరు, బరువు అంకె చెక్కి ఉండాలి. ఆ బరువు రోజూ మోయగలిగే బరువు, తెగే బరువు కాదు, మంచి కంపెనీల్లో సాధారణంగా తెగే బరువు దానికి ఐదు రెట్లుంటుంది. ఏ గుర్తూ లేనిది కుక్క గొలుసుకి వాడుకోండి.

అల్యూమినియం రింగులు మాత్రం వద్దే వద్దు. గ్రాములు తగ్గుతాయని కొంటారు, యాంకర్‌ని ఎవరైనా వీపున మోసుకు తిరుగుతారా? ఇసుక పట్టిన తాడు ఆకురాయి లెక్క దాన్ని కోసేస్తుంది, గాడి అంచు పదునెక్కి మళ్ళీ తాడునే కోస్తుంది. అసలు ఈ అరుగుదల సగం మన జనం వల్లే, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పదిమంది టాప్‌రోప్ (పైన యాంకర్‌లోంచి వేసి కిందనుంచి పట్టుకునే తాడు) నేరుగా రింగుల్లోంచే ఆడిస్తారు. సొంత క్యారబైనర్లు (తెరిచి మూసే లోహపు కొక్కాలు) రెండు తగిలించి వాటి మీద ఆడండయ్యా, ఆఖరివాడు దిగేటప్పుడు మాత్రం రింగులు వాడితే చాలు అంటే, ఏదో ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు. షూకి, చాక్ బ్యాగ్‌కి పెట్టేటప్పుడు మాత్రం లెక్కలుండవు.

ధర నిజంగా తగ్గాలంటే నలుగురైదుగురు కలిసి బోల్టులు పెట్టెలెక్కన తయారీదారు దగ్గరే ఆర్డర్ పెట్టండి, విడిగా కొన్నదానికంటే బాగా తగ్గుతుంది, పైగా అన్నీ ఒకే లోహం, ఒకే కంపెనీ. సెకండ్ హ్యాండ్‌లో రింగులూ లింకులూ చూసి తీసుకోవచ్చేమో గానీ బోల్టులు వద్దు. మీది ఏ రకం రాయి, సముద్రానికి ఎంత దూరం, నీళ్ళు కారే గోడా కాదా కామెంట్‌లో పెట్టండి, పొడవు ఎంతది తీసుకోవాలో అప్పుడు చెప్తా.