మీ ప్రశ్నలు, మా జవాబులు: ‘బ్యాడ్ 25’ పెట్టె తెరిచాక

మైఖేల్ జాక్సన్ ‘బ్యాడ్’ ఆల్బమ్ పాతికేళ్ల ఎడిషన్ గురించి, దాంతోపాటు అమెరికన్ దర్శకుడు స్పైక్ లీ తీసిన డాక్యుమెంటరీ గురించి పోయిన సంచికలో రాసిన దానికి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. పోయిన సంచిక చూడనివాళ్ళ కోసం చిన్న పరిచయం. అసలు ఆల్బమ్ 1987 ఆగస్టు 31న వచ్చింది, పాతికేళ్ల ఎడిషన్ 2012 సెప్టెంబరులో. పెట్టెలో మూడు సీడీలు, ఒక డీవీడీ. మొదటి సీడీ అసలు ఆల్బమ్, రెండోది డెమోలూ (పాట పూర్తికాకముందు చేసుకున్న చిత్తు రికార్డింగులు) రీమిక్సులూ (పాత పాటకి వేరేవాళ్ళు కొత్త సంగీతం కలిపి చేసినవి), మూడోది లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన కచేరీ. ఆ కచేరీ వీడియోనే డీవీడీగా ఇచ్చారు. డాక్యుమెంటరీ మాత్రం పెట్టెలో లేదు, విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది.

ప్రశ్న: వెంబ్లీ డీవీడీ కోసం ఎన్నాళ్ళో ఎదురుచూశాను. పెట్టి చూస్తే బొమ్మ అంతా మసక మసకగా ఉంది. అంత పెద్ద కంపెనీ, అంత పెద్ద స్టారు, ఒక్క మంచి ప్రింటు దొరకలేదా?

దొరకలేదండీ, నిజంగానే. ఆ వీడియో కచేరీ రోజు స్టేడియంలోని పెద్ద తెరల కోసం తీసింది. అది మైఖేల్ దగ్గర దాచిపెట్టుకున్న వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో మిగిలింది. దాన్నే వీలైనంత బాగుచేసి డీవీడీలోకి ఎక్కించారు. వీహెచ్‌ఎస్ అంటే మన ఇళ్ళలో పెళ్ళి క్యాసెట్లు ఉండేవి చూడండి, అదే. ఎర్ర లైటు పడ్డచోట రంగు గీత దాటి పక్కకి కారినట్టు కనిపిస్తుంది, కెమెరా దూరం నుంచి పట్టినప్పుడు మనిషి తెల్లచొక్కా మరకలా అయిపోతుంది, ముఖం ఆనవాలు పట్టలేం. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఉసూరుమంది, దాచడం ఎందుకు.

అయితే నేను చెప్పే పద్ధతిలో ఒకసారి చూడండి. పెద్ద టీవీకి అతుక్కుని కూర్చోకండి, కాస్త వెనక్కి జరగండి, లేదా చిన్న తెర మీద పెట్టుకోండి. సౌండ్ మాత్రం మంచి స్పీకర్లలో పెట్టండి, ఎందుకంటే బొమ్మకి పట్టిన గతి సౌండుకి పట్టలేదు, అది శుభ్రంగా ఉంది. 1988 జూలై 16 నాటి కచేరీ అది, ప్రిన్స్ చార్లెస్, ప్రిన్సెస్ డయానా వచ్చి కూర్చున్న రోజు. ఆ ఏడాది వెంబ్లీలో మొత్తం ఏడు కచేరీలు చేస్తే 5 లక్షలకు పైగా జనం వచ్చారు. డయానా వస్తున్నారని ‘డర్టీ డయానా’ పాట తీసేద్దామనుకున్నానని, ఆవిడే పాడమని అడిగారని మైఖేల్ 1997లో ఒక టీవీ ఇంటర్వ్యూలో చెప్పాడు. డీవీడీలో ఆ పాట ఉంది, గిటార్ మొదలవగానే మసక సంగతి మర్చిపోతారు. ఆ క్యాసెట్ కూడా పాడైపోయి ఉంటే ఆ రాత్రి ఎలా ఉందో మనకి కళ్ళారా చూసే దారి ఉండేది కాదు. నేనైతే దాన్ని బంగారంలా చూసుకుంటాను.

ప్రశ్న: రెండో సీడీలో పూర్తికాని పాటలు ఎందుకు పెట్టారు? వంట సగంలో ఉండగానే గిన్నె దించి వడ్డించినట్టుంది. ఆయన వద్దని పక్కన పెట్టినవాటిని బయటికి తీయడం న్యాయమా?

ఈ ప్రశ్న చాలామంది అడిగారు. మొదట ఇది అలా పూర్తికాకుండా ఉన్నందుకే అభిమానులు ఎందుకు సంతోషించారో చెబుతాను. మైఖేల్ పోయాక 2010 డిసెంబరులో ‘మైఖేల్’ అని ఒక ఆల్బమ్ వచ్చింది. మిగిలిపోయిన రికార్డింగులకు వేరేవాళ్ళు సంగీతం కలిపి పూర్తిచేసి వదిలారు. అందులో మూడు పాటల్లో గొంతే ఆయనది కాదని అభిమానులు ఏళ్ళ తరబడి కొట్లాడారు, కోర్టుదాకా వెళ్ళారు. చివరికి 2022లో ఆ మూడు పాటల్నీ స్ట్రీమింగ్ నుంచి తీసేశారు, అయితే గొంతు ఎవరిదన్న వివాదానికీ తీసేయడానికీ సంబంధం లేదని కంపెనీవాళ్ళు అన్నారు. ‘మైఖేల్’ ఆల్బమ్ దెబ్బ తగిలి రెండేళ్ళు కాకుండానే ‘బ్యాడ్ 25’ వచ్చింది. ఈసారి డెమోల మీద కొత్తగా ఏమీ కలపలేదు. హేవెన్‌హర్స్ట్ అనే తన ఇంట్లోని స్టూడియోలో ఆయన పని చేసి వదిలేసిన స్థితిలోనే ఉంచారు. ‘ఇది ఆయనే, ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు’ అన్న నమ్మకం దొరికింది అభిమానులకి. ఆ నమ్మకం కోసం పాట సగంలో ఆగిపోయినా సర్దుకుంటాం.

ఇక వినడానికి ఏముందంటారా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘డోంట్ బీ మెస్సిన్ రౌండ్’ వినండి. మాటలు ఇంకా దొరకని చోట కూనిరాగం తీస్తాడు, వాయిద్యం రావలసిన చోట నోటితోనే పలికిస్తాడు. మీరు రోజూ వినే పూర్తి పాటలో ఆ మనిషి కనిపించడు, అక్కడ కనిపించేది స్టారు. ఇక్కడ గదిలో ఒక్కడే కూర్చుని పాటను వెతుక్కుంటున్నవాడు వినిపిస్తాడు. తర్వాత ‘అల్ కపోన్’ వినండి. పేరు కొత్తగా ఉంటుంది కానీ ఒక నిమిషం గడిచాక ఎక్కడో విన్నట్టు ఉంటుంది, ఎందుకంటే ‘స్మూత్ క్రిమినల్’ కి దారితీసిన పాట అదే. ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని వింటే, మొదటిదాంట్లో ఏం నచ్చక పక్కన పెట్టాడో, ఏది వదల్లేక రెండోదాంట్లోకి తెచ్చుకున్నాడో చెవికే తెలుస్తుంది. ఇంత పాఠం ఏ ఇంటర్వ్యూలోనూ దొరకదు.

న్యాయమా అన్న దానికి నా మనసులో ఉన్నది చెబుతాను. ఆయన బతికుంటే వీటిని బయటికి రానిచ్చేవాడు కాదేమో, ఆ సంగతి నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. కానీ బయటికి తీయాలనే అనుకుంటే తీయాల్సిన పద్ధతి మాత్రం ఇదే. ఉన్నది ఉన్నట్టు.

ప్రశ్న: రీమిక్సుల గురించి ఒక్క ముక్కా రాయలేదేం?

నాకు నచ్చలేదు కాబట్టి రాయలేదు. ‘బ్యాడ్’ పాటకి డీజే ఆఫ్రోజాక్ రీమిక్స్ చేస్తే దాని మీద ర్యాపర్ పిట్‌బుల్ ర్యాప్. 2012 నాటి డ్యాన్స్ ఫ్లోర్ల కోసం చేసినట్టుంది, అప్పుడే అభిమానులు చాలామంది మండిపడ్డారు. ‘స్ట్రీట్‌వాకర్’, ‘ఫ్లై అవే’ డెమోలు ‘బ్యాడ్’ 2001 ఎడిషన్‌లో ఇచ్చినవే మళ్ళీ ఇచ్చారన్న ఫిర్యాదు కూడా సరైనదే. ఆ చోటు ఇంకో రెండు డెమోలకి ఇవ్వాల్సింది.

ప్రశ్న: డాక్యుమెంటరీ టీవీలో చూసిన మా అన్నయ్య ‘ఏముంది అందులో’ అన్నాడు. డిస్కు కొనుక్కుని చూసిన నేను ఏడ్చేశాను. ఇద్దరం చూసింది ఒకే సినిమానా? ఇంకో మాట, ఈ కాలపు పాప్ గాయకుడు జస్టిన్ బీబర్‌కి అందులో ఏం పని?

ఒకే సినిమా కాదండీ, మీ అన్నయ్యగారి తప్పేం లేదు. పూర్తి సినిమా రెండు గంటలు దాటుతుంది, 2012 ఆగస్టు 31న, అంటే ఆల్బమ్ పుట్టినరోజునే వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశారు. అమెరికాలో ఏబీసీ చానల్ నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ రాత్రి వేసినది బాగా కత్తిరించిన వెర్షన్. ఈ సినిమా నడక పాట తర్వాత పాటగా సాగుతుంది, ఒక్కో పాట దగ్గర ఆగి అది ఎవరు రాశారు, ఎవరు వాయించారు, ఎలా తీశారు అని చెప్పించుకుంటాడు స్పైక్ లీ. ఆగడమే దీని బలం, కత్తిరిస్తే పోయేది కూడా అదే.

‘బ్యాడ్’ పాటకి తీసిన వీడియో, అంటే షార్ట్ ఫిల్మ్, తీసింది హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ అని చాలామందికి తెలియదు. 18 నిమిషాలు ఉంటుంది, న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లో తీశారు. టీవీలో మనం చూసేది చివర్లో రంగుల్లో వచ్చే డ్యాన్స్ ముక్క, దానికి ముందు బ్లాక్ అండ్ వైట్‌లో ఒక కథే నడుస్తుంది. స్కోర్సెసీ, ఆయన ఎడిటర్ థెల్మా షూన్‌మేకర్ ఇద్దరూ కూర్చుని ఆ ఫిల్మ్ మళ్ళీ చూసుకుంటూ మాట్లాడుకునే ఘట్టం ఉంది, పని తెలిసినవాళ్ళు ఇంకో పని తెలిసినవాడి గురించి మాట్లాడుకుంటే ఎంత హాయిగా ఉంటుందో అక్కడ చూడాలి. మీరు ఏడ్చిన చోటు ఏదో నేను చెప్పగలను. 2009 జూన్ 25న మైఖేల్ పోయాడన్న వార్త విన్నప్పుడు మీరెక్కడున్నారు అని స్పైక్ లీ అడుగుతాడు. అప్పటిదాకా గలగలా మాట్లాడినవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోతారు. ఎవరికీ మాట రాదు. కెమెరా అలాగే ఉంటుంది. నేనూ అక్కడే ఏడ్చాను.

బీబర్ సంగతి. నేనూ మొదట్లో గొణిగాను, ఆ సమయం స్టూడియోలో పనిచేసిన వాయిద్యకారులకి ఇస్తే బాగుండేది కదా అని. ఇప్పుడా అభిప్రాయం మారింది, ఎందుకో కింద ఇంకో ఉత్తరానికి జవాబులో రాశాను.

ప్రశ్న: ‘స్మూత్ క్రిమినల్’ లో ఒళ్ళు నిటారుగా ఉంచి ముందుకి ఒరిగే స్టెప్పు వెంబ్లీ డీవీడీలో లేదు. కట్ చేశారా?

కట్ చేయలేదు, ఆ టూర్‌లో అది లేదు. వీడియోలో వైర్ల సాయంతో చేశారు. స్టేజీ మీద చేయడానికి, నేలలోంచి పైకి లేచే మేకుకి మడమ తగిలించుకునే బూట్లు తయారుచేయించి 1993లో పేటెంట్ కూడా తీసుకున్నారు. ‘బ్యాడ్’ టూర్ తర్వాత 1992లో మొదలైన ‘డేంజరస్’ టూర్ నుంచి ఆ స్టెప్పు స్టేజీ మీద కనిపిస్తుంది.

ప్రశ్న: మావారు ఈ ఒక్క ఆల్బమ్ నాలుగోసారి కొన్నారు. క్యాసెట్, సీడీ, 2001 ఎడిషన్, ఇప్పుడిది. అవే పాటలు కదా అంటే ‘నీకు తెలీదు’ అంటారు. మీరైనా చెప్పండి, నిజంగా తేడా ఉందా?

ఉందమ్మా, మీవారు చెప్పింది నిజమే, కాకపోతే ఆయన ‘నీకు తెలీదు’ అనకుండా పక్కన కూర్చోబెట్టి వినిపించాల్సింది. 1987లో మొదట వచ్చిన కాపీల్లో ‘ఐ జస్ట్ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ పాట మొదలయ్యే ముందు మైఖేల్ మెల్లగా, చెవిలో చెప్పినట్టు కొన్ని మాటలు మాట్లాడతాడు. తర్వాత వచ్చిన కొన్ని ఎడిషన్లలో ఆ మాటలు తీసేశారు. ఇంకో రెండు మూడు పాటల మిక్సుల్లో కూడా చిన్న చిన్న మార్పులు జరిగాయి. ‘లీవ్ మీ అలోన్’ అప్పట్లో సీడీలో మాత్రమే ఉండేది, క్యాసెట్ కొన్నవాళ్ళకి దక్కలేదు. 2001 ఎడిషన్‌లో నిర్మాత క్విన్సీ జోన్స్ ఇంటర్వ్యూలున్నాయి. కాబట్టి నాలుగూ నాలుగు రకాలే.

సౌండు దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. పాత సీడీ, కొత్త రీమాస్టర్ (పాత రికార్డింగు సౌండుని మళ్ళీ సరిచేసి ఇచ్చినది) పక్కపక్కన పెట్టి వినేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా ఉండేలా చూడమనండి. కాస్త గట్టిగా వినిపించేది మన చెవికి ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. రీమాస్టర్ పేరుతో అంతా ఒకే ఎత్తుకి లేపేస్తే మెల్లని చోట్లకీ గట్టి చోట్లకీ ఉండాల్సిన ఎడం తగ్గిపోతుంది. వాల్యూమ్ కలిపి విన్నాక కూడా కొత్తదే నచ్చితే కొత్తదే ఉంచుకోండి. పాత క్యాసెట్ మాత్రం దయచేసి పారేయకండి.

ప్రశ్న: నేను 2010లో పుట్టాను. ఈ డాక్యుమెంటరీ చూసి అభిమానినయ్యాను. అది చెబితే ‘ఆయన పోయాక పుట్టినదానివి, నీకేం తెలుసు’ అని ఒక పెద్దాయన అన్నారు. అసలు పాత అభిమానులకి ప్రతిదానికీ ఎందుకంత కోపం?

ముందు ఆయన తరఫున నేను క్షమాపణ చెబుతున్నాను తల్లీ. నువ్వు అభిమానివే, ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

కోపం ఎందుకో కూడా చెబుతాను, ఎందుకంటే ఆ కోపంలో ప్రేమ ఉంది. అమ్మకాల రికార్డులు బద్దలుకొట్టిన ‘థ్రిల్లర్’ ఆల్బమ్ తర్వాత వచ్చిన ఆల్బమ్ ఇది, ఈసారి 10 కోట్ల కాపీలు అమ్మాలని అద్దం మీద అంకె రాసుకున్నాడు మైఖేల్. 11 పాటల్లో 9 తనే రాసుకున్నాడు. ఒకే ఆల్బమ్ నుంచి ఐదు పాటలు అమెరికా చార్టులో నంబర్ వన్ అయ్యాయి, అంతకుముందు ఎవరికీ జరగలేదు. అయినా ‘థ్రిల్లర్ అంత లేదు’ అన్నారు. 1988 గ్రామీ సంగీత అవార్డుల వేడుకలో ‘మ్యాన్ ఇన్ ద మిర్రర్’ పాడి హాలుని లేపి నిలబెట్టాడు, ఆ రాత్రి ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ మాత్రం ఐరిష్ బ్యాండ్ యూ2 కి వెళ్ళింది. ఆ తర్వాత ఏళ్ళలో జనం పాటల్ని వదిలేసి ఆయన ముక్కు గురించి, రంగు గురించి మాట్లాడటం ఎక్కువైంది. అదంతా చూస్తూ పెరిగినవాళ్ళకి ఈ ఆల్బమ్ మీద ఎవరు చెయ్యి వేసినా భయమేస్తుంది. బాగా చేయండయ్యా, అడగడానికి ఆయన లేడు కదా అన్న బాధ అది. నీ మీద చూపించడం మాత్రం తప్పే.

బీబర్ గురించి పైన ఆపింది ఇక్కడ పూర్తి చేస్తాను. ఆ అబ్బాయి 1994లో పుట్టాడు, ‘బ్యాడ్’ వచ్చిన ఏడేళ్ళకి. స్పైక్ లీ అతన్ని కూర్చోబెట్టింది నీలాంటివాళ్ళ తరఫున అని నీ ఉత్తరం చదివాకే నాకు తట్టింది.

ప్రశ్న: 2027కి ‘బ్యాడ్’ నలభై ఏళ్ళు. మళ్ళీ ఎడిషన్ వస్తే మీకేం కావాలి?

షార్ట్ ఫిల్ములన్నీ అసలు ఫిల్మ్ నెగటివ్ నుంచి శుభ్రం చేసి ఇవ్వాలి. 2012 పెట్టెలో అవి లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. డాక్యుమెంటరీ పెట్టెలోనే ఉండాలి, పూర్తి నిడివితో. 1987 జపాన్ కచేరీలు కావాలి, టూర్ మొదలైంది అక్కడే కాబట్టి. రీమిక్సులు వద్దు. డెమోలు ఎన్ని దొరికితే అన్ని, ఎలా ఉంటే అలా. ఇంకొక్కటి, ‘ఐ జస్ట్ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ మొదట్లో ఆయన చెవిలో చెప్పినట్టు మాట్లాడిన ఆ మాటలు మళ్ళీ పెట్టాలి.

(వచ్చే సంచికకి ప్రశ్నలు పంపేటప్పుడు మీరు విన్నది ఏ ఎడిషనో కూడా రాయండి, జవాబు చెప్పడం తేలికవుతుంది.)