ఏడిపించేవాడికి వంత పాడేది ఎవరు? మా బడిలో బుర్రకథ నేర్పిన సంగతి

మీ అమ్మాయి చదివే ఆరో తరగతిలో ఒక పిల్లను అందరూ 'నత్తి' అని ఏడిపిస్తున్నారనీ, వార్షికోత్సవానికి దీని మీద ఒక నాటిక వేయిస్తే మార్పు వస్తుందా అనీ అడిగారు. నాటకం, పాట, బొమ్మలాట తప్పకుండా పనిచేస్తాయండి. కానీ వేయించే పద్ధతి తప్పితే దెబ్బ ఆ పిల్లకే తగులుతుంది. నా చేతుల మీదుగానే అలా జరిగింది కాబట్టి ముందు అది చెబుతాను.

నేను కోనసీమలో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. వైనతేయ పాయ అవతలి లంకల నుంచి కొందరు పిల్లలు పడవ మీద వస్తారు. వానాకాలంలో రేవు దగ్గర అంతా బురదే. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చి లంకలు మునిగినప్పుడు ఏడో తరగతి అబ్బాయి ఒకడు చాలా రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజున కాళ్లకు బురద, ఒంటి మీద ఎవరో ఇచ్చిన వదులు చొక్కా. ఎవరో 'బురదోడు' అన్నారు. వారం తిరగకుండా వాడి అసలు పేరు పోయింది. పక్కన ఎవరూ కూర్చోరు, కబడ్డీలో ఏ జట్టూ తీసుకోదు.

నవంబరు 14 బాలల దినోత్సవానికి నేనే ఒక నాటిక రాశాను. నలుగురు ఏడిపిస్తారు, ఒకడు ఏడుస్తాడు, చివర్లో మాస్టారు వచ్చి నీతి చెబుతాడు. ఆ ఏడ్చే పాత్ర వాడికే ఇచ్చాను, అందరి ముందూ నిలబడితే ధైర్యం వస్తుందనుకుని. జరిగింది వేరు. అప్పటిదాకా ఒక్క క్లాసుకే తెలిసిన పేరు ఊరంతటికీ తెలిసింది. మర్నాటి నుంచి వాడి చెల్లెల్ని 'బురదోడి చెల్లెలు' అన్నారు. వాడు బడి మానేశాడు. పడవెక్కి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, "మీరు మంచికే చేశారండీ మాస్టారూ, ఇంక వాణ్ని మాత్రం స్టేజీ ఎక్కించకండి" అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

వారం తర్వాత వాడు మళ్లీ వచ్చాడు. అప్పటి నుంచి నేను చూడాల్సినవాళ్లను చూడటం మొదలుపెట్టాను. ఆ పేరు పెట్టి పిలిచేది ముగ్గురే. కానీ పిలిచిన ప్రతిసారీ నవ్వేవాళ్లు ఇరవై మంది. ఆ నవ్వు కోసమే ఆ ముగ్గురూ మళ్లీ మళ్లీ అంటున్నారు. మన భాషలో దీనికి మాట ఉండనే ఉంది: వంత పాడటం. ఆ మాట తట్టగానే చిన్నప్పుడు తీర్థాల్లో రాత్రంతా చూసిన బుర్రకథలు గుర్తొచ్చాయి. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం చెబుతాడు, రెండోవాడు రాజకీయం, అంటే లోకం సంగతులు కలిపి మాట్లాడతాడు. వాళ్లు 'తందాన తాన' అనకపోతే ఎంత గొప్ప కథకుడైనా కథ నడపలేడు.

సంక్రాంతి సెలవుల తర్వాత వారానికి ఒక పీరియడ్ దీనికి ఇచ్చాను. స్టేజీ లేదు, చూడటానికి పెద్దవాళ్లు లేరు, తలుపులు వేసుకుని క్లాసులోనే. కథ పిల్లలే అల్లారు: వరిచేలో కొంగల గుంపు, అందులోకి దూరం నుంచి వచ్చిన ఒక వంకర ముక్కు కొంగ. మనుషుల కథ వద్దని నేనే చెప్పాను. బురద అనే మాట కూడా ఎక్కడా రానివ్వలేదు. తంబురాకి ఒక కర్ర, గుమ్మెటలకి పాత నూనె డబ్బాలు.

మొదటిసారి కథకుడు వంకర ముక్కును వెక్కిరిస్తూ పాడాలి, వంతలతో పాటు క్లాసంతా 'తందాన తాన' అనాలి. గది అదిరిపోయింది. రెండోసారి అవే చరణాలు, అదే కథకుడు, కానీ వెక్కిరింపు వచ్చినచోట వంతలు డబ్బా మీద చెయ్యి పెట్టి ఊరుకోవాలి, క్లాసు కూడా ఊరుకోవాలి. కథకుడు ఎవరనుకున్నారు? ఆ పేరు మొదట పెట్టిన కుర్రాడే. మూడో చరణం దగ్గర ఆగిపోయాడు. "మాస్టారూ, వీళ్లు అనకపోతే నేనెలా పాడాలండీ?" అన్నాడు. నేనేమీ చెప్పలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. ఆ నిశ్శబ్దం కొంచెంసేపు అలాగే ఉండనిచ్చాను.

ఆ తర్వాతి వారాల్లో రాజకీయం చెప్పే వంత పాత్ర ఖాళీగా ఉంచాం. కథ నడుస్తుండగా ఎవరైనా లేచి వచ్చి ఆ చోట నిలబడి కథకుణ్ని ఆపవచ్చు. ఒకమ్మాయి వచ్చి "ఆగు గురూ, ఆ ముక్కు నీకేం అడ్డొచ్చింది?" అంది. ఇంకొకడు కథకుణ్ని అసలు పట్టించుకోకుండా కొంగ దగ్గరికెళ్లి "మా గట్టు మీద చేపలున్నాయి, వస్తావా?" అన్నాడు. నాకైతే ఇదే బాగా నచ్చింది, ఎందుకంటే ఇది ఎంత భయస్థుడైనా చేయగలిగిన పని. ప్రేక్షకుడే లేచి వచ్చి కథను మార్చే ఈ పద్ధతిని బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోవాల్ ఫోరం థియేటర్ పేరుతో ప్రపంచమంతా వ్యాపింపజేశాడని తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఇంతకీ లంక కుర్రాడు ఏం చేశాడంటే, పాత్ర ఏదీ వద్దని వెనక కూర్చుని డబ్బా వాయించాడు. అది వాడు ఎంచుకున్నదే. తాళం తప్పకుండా వాయిస్తాడని అందరికీ తెలిసింది. మార్చి నెలలో బోరింగు దగ్గర ఎవడో పాత పేరు పెట్టి పిలిస్తే, నీళ్లు కొడుతున్న పిల్ల ఒకతె "తందాన లేదు పో" అంది. ఆ మాట నేను నేర్పింది కాదు. వెక్కిరింపు పూర్తిగా పోయిందని చెప్పను. ఎనిమిదో తరగతిలో కూడా ఇద్దరు అంటూనే ఉన్నారు. కానీ కబడ్డీలో వాడు జట్టులో ఉన్నాడు.

ఇది నా ఒక్కడి అనుభవమే అనుకోకండి. బడుల్లో ఏడిపించడాన్ని ఆపడానికి ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం తయారుచేసిన కీవా అనే కార్యక్రమం కూడా ముఖ్యంగా ఈ చూసేవాళ్ల మీదే ఆధారపడింది. కెనడాలో బడి ఆవరణల్లో వీడియోలు తీసి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, తోటి పిల్లలు కలగజేసుకున్న సందర్భాల్లో సగానికి పైగా ఏడిపించడం పది సెకన్లలోపే ఆగిపోయింది.

మీ విషయానికొస్తే, వార్షికోత్సవం వద్దు. నాటికలో నత్తి ఉన్న పాత్ర అసలు వద్దు. ఆ పిల్లతో ఆ పాత్ర వేయించడం మరీ వద్దు. నత్తి ఉన్న చాలామందికి పాడేటప్పుడు, పదిమందితో కలిసి అనేటప్పుడు మాట తడబడదు. కాబట్టి వంతల్లో ఉండటం తనకు ఇష్టమవ్వచ్చు. ఇష్టమో కాదో తననే విడిగా అడగాలి. ముఖం చూపించడానికి సిగ్గుపడే పిల్లలుంటే తోలుబొమ్మలాట పద్ధతి మంచిది. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, కాళ్లూ చేతులూ దారంతో ముడేసి, వెదురు పుల్లలకు కట్టి, తెల్ల పంచె వెనక బల్బు పెడితే చాలు. తెర వెనక ఉన్నప్పుడు పిల్లలు మామూలుగా అనలేని మాటలు కూడా అంటారు.

టీచర్లతో కూడా ఒక మాట చెప్పండి. మేమే హాజరు పిలిచేటప్పుడు 'ఏరా పొట్టీ', 'ఏమే నల్లపిల్లా' అంటుంటాం. మొదటి చరణం మా నోటి నుంచే వస్తే పిల్లలు వంత పాడరా?

కొట్టడం, డబ్బులు లాక్కోవడం, కులం పేరుతో తిట్టడం, ఫోన్లో వీడియో తీసి పంచడం దాకా వెళ్తే మాత్రం కథలూ పాటలూ పక్కన పెట్టి నేరుగా హెడ్మాస్టర్‌ని కలవండి. అక్కడ కదలిక లేకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఇంట్లో ఒక పని చేయండి. ఆ పిల్లను నత్తి అన్నప్పుడు తను నవ్విందా, ఊరుకుందా అని మీ అమ్మాయిని అడగండి. కోప్పడకుండా అడగండి. మా క్లాసులో నవ్విన ఇరవై మందిలో చాలామంది తర్వాత నాతో చెప్పింది ఒకటే: నవ్వకపోతే రేపు మాకూ పేరు పెడతారని భయమేసింది మాస్టారూ అని.