ముందు గన్నవరం నుంచి శంషాబాద్‌కి వెళ్లు, విమానాలు తర్వాత కొందువు గాని

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. గుంటూరులో కొత్త కంప్యూటర్ దిగి వారం కాలేదు, అప్పుడే ఫ్లైట్ సిమ్యులేటర్‌లోకి 737 కొననా ఎయిర్‌బస్ కొననా అని అడుగుతున్నావు. రెండు నెలల దాకా ఏదీ కొనొద్దు. మీ అత్తయ్యకు తెలియకుండా నేను కొన్న యాడాన్లతో, అంటే సిమ్యులేటర్‌లో విడిగా పెట్టుకునే విమానాలతో, చిన్న ఎయిర్‌లైన్ పెట్టొచ్చు, కానీ స్విచ్చులన్నీ ఆపేసి ఉంటే వాటిలో నేను సొంతంగా స్టార్ట్ చేసి ఎగరేయగలిగేది ఒక్కటే.

నీది మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ కాబట్టి ఫ్లైబైవైర్ వాళ్ల ఎ320నియో దించుకో, ఉచితం. ఎక్స్-ప్లేన్ వాడేవాళ్లకైతే జీబో 737 ఉంది, అదీ ఉచితమే. డబ్బు పెట్టి కొనే ఫెనిక్స్, పీఎండీజీ వాళ్ల విమానాలు బాగుంటాయి, కాదనను, కానీ ఆ బాగు నీకు తెలియాలన్నా ముందు ఒక విమానం చేతికి అలవాటవ్వాలి కదా.

ఇక ప్లానింగ్. ఫ్లైట్ ప్లాన్ వేసిచ్చే సింబ్రీఫ్ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరువు, దానికీ డబ్బు అక్కర్లేదు. అక్కడ ఎయిర్‌పోర్టు కోడ్‌లు కొట్టాలి: బయలుదేరేది వీఓబీజెడ్, అంటే మన గన్నవరం, దిగేది వీఓహెచ్ఎస్, శంషాబాద్. నేరుగా చూస్తే దాదాపు 140 నాటికల్ మైళ్లు. విమానం రకం దగ్గర చేతికొచ్చింది నొక్కకుండా నీ యాడాన్‌కు సరిపోయే ఎయిర్‌ఫ్రేమ్, అంటే ఆ విమానం వివరాల పట్టీ, ఎంచుకో, లేకపోతే బరువులు, ఇంధనం లెక్కలన్నీ వేరే విమానానివి వస్తాయి. వచ్చిన కాగితంలో ఇంధనం భాగం లైను లైనూ చదువు: దారికి ఎంత, అదనంగా ఎంత, శంషాబాద్‌లో దిగలేకపోతే ఇంకో ఎయిర్‌పోర్టుకు పోవడానికి ఎంత, చివరికి ముట్టుకోకూడని ముప్పై నిమిషాలది ఎంత. కిలోలా పౌండ్లా అన్నది కూడా చూడరా! 1983లో కెనడాలో ఒక బోయింగ్ 767కి ఆ రెండూ తారుమారై, కావాల్సిన దాంట్లో సగం కూడా లేకుండా బయలుదేరి, 41 వేల అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. పైలట్లు గ్లైడర్‌లా తేల్చుకుంటూ వచ్చి గిమ్లీ అనే చోట దించారు కాబట్టి సరిపోయింది.

ఇంకో తలనొప్పి ఎయిరాక్. అంటే విమానాల దారుల డేటా, 28 రోజులకోసారి మారుతుంది, ఒక్కో విడతకి ఒక సైకిల్ నంబర్ ఉంటుంది. సింబ్రీఫ్ ఉచితంగా ఇచ్చేది పాతది, విమానం కంప్యూటర్లో ఉన్నది ఇంకొకటి, అప్పుడు నువ్వు కొట్టిన పాయింటు డేటాబేస్‌లో లేదంటుంది. యాడాన్ పాడైందని టెన్షన్ పడి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యకు, రెండింటి సైకిల్ నంబర్లు పోల్చి చూడు. రెండూ ఎప్పుడూ ఒకేలా ఉండాలంటే ఆ డేటా అమ్మే నావిగ్రాఫ్‌కి చందా కట్టాలి, అది కూడా ఇప్పుడే వద్దు.

దిగడం దగ్గరే అసలు పని. వెయ్యి అడుగులు తగ్గడానికి మూడు మైళ్లు అనుకో. శంషాబాద్ సముద్రమట్టానికి సుమారు రెండు వేల అడుగుల పైన ఉంది, కాబట్టి 20 వేల నుంచి దిగాలంటే తగ్గాల్సింది 18 వేలే, 54 మైళ్ల ముందు మొదలుపెట్టాలి, వేగం తగ్గించుకోవడానికి ఇంకో నాలుగైదు కలుపుకో. నేను మొదట్లో తిరుగు ప్రయాణంలోనూ అదే 54 పట్టుకున్నాను. తూర్పుకి వచ్చేటప్పుడు ఎత్తు బేసి వేలల్లో ఉండాలని 21 వేలకు ఎక్కాను, పైగా గన్నవరం వంద అడుగులు కూడా ఎత్తుండదు, లెక్క 63 రావాలి. బెజవాడ మీదికి వచ్చేసరికి ఉండాల్సిన దానికంటే మూడు వేల అడుగులు పైనే ఉన్నాను, కింద ప్రకాశం బ్యారేజీ చూసుకుంటూ రెండు చుట్లు తిరగాల్సొచ్చింది.

కొనే రోజు వచ్చాక ఒక్కటే చూడు: తయారు చేసినవాళ్లు ఇప్పటికీ అప్‌డేట్లు ఇస్తున్నారా? నేను ఒక విమానం డాలర్లలో కొన్నాను, బ్యాంకు కోత అదనం, ఆర్నెల్లకు సిమ్యులేటర్ అప్‌డేట్ రాగానే తెరలన్నీ నల్లబడ్డాయి, వాళ్లకు రాస్తే జవాబే లేదు. అలాగే పెద్ద అప్‌డేట్ తర్వాత సిమ్యులేటర్ తెరుచుకోకపోతే యాడాన్లు ఉండే కమ్యూనిటీ ఫోల్డర్ ఖాళీ చేసి, ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడు, దొంగ దొరుకుతాడు.

ఆదివారం పటమట వస్తే నువ్వు వేసిన ప్లాన్ పట్టుకురా, ఇద్దరం కూర్చుని ఎగరేద్దాం. నీ జాయ్‌స్టిక్ కూడా తీసుకురా, నాది కుడివైపు ఈడ్చుకుపోతోంది.

మీ మామయ్య