ఆ అబ్బాయి ఎందుకు ఏడ్చాడు?

బ్రాడీపేట, గుంటూరు

చిట్టీ,

నీ పరిశోధనకి రాసుకున్న ప్రణాళిక, అదే సినాప్సిస్, అందింది. రెండుసార్లు చదివాను. "విజయవాడ నగరంలోని ఇంటర్మీడియట్ విద్యార్థుల్లో ఒత్తిడి: లింగం, నివాస ప్రాంతం, కళాశాల యాజమాన్యాల ప్రభావం" అన్నావు. తప్పేం లేదు. తప్పు లేకపోవడమే దాంతో వచ్చిన చిక్కు. విజయవాడ తీసి కర్నూలు పెట్టు, ఇంటర్మీడియట్ తీసి బీఈడీ పెట్టు, ఒత్తిడి తీసి ఆత్మవిశ్వాసం పెట్టు. శుభలేఖలో పేర్లు మార్చినట్టు ఎవరైనా మార్చుకోవచ్చు. నా సర్వీసులో ఇలాంటివి ఎన్నింటికి సంతకం పెట్టి బీరువాలోకి పంపానో లెక్కలేదు. అందులో నా పాపమూ ఉంది కాబట్టి కాస్త గట్టిగానే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

అమ్మాయిలకి ఒత్తిడి ఎక్కువని తేలితే ఏం రాస్తావు? తక్కువని తేలితే ఏం రాస్తావు? రెండింటికీ చివరి అధ్యాయంలో "కళాశాలల్లో కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలి" అనే కదా! ఏ జవాబు వచ్చినా నువ్వు రాసేది మారదంటే, అసలు నువ్వేమీ అడగలేదన్నమాట.

నువ్వు సినాప్సిస్‌లో రాయనిది ఒకటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు వంటింట్లో పీట మీద కూర్చుని చెప్పావు, గుర్తుందా? నువ్వు ఇంటర్న్‌షిప్ చేసిన హాస్టల్ కాలేజీలో ఒక అబ్బాయిని కింది సెక్షన్ నుంచి పై సెక్షన్‌కి మార్చారు. వాళ్ళ నాన్న స్వీటు డబ్బా పట్టుకొచ్చాడు. వాడు మాత్రం పెట్టె సర్దుకుంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. "అక్కడ నేను ఫస్టు మేడమ్, ఇక్కడ నలభయ్యో వాణ్ణి" అన్నాడని చెప్పి, చేతిలో సగం తిన్న గారె అలాగే పట్టుకుని "విచిత్రం కదా పెద్దమ్మా" అన్నావు. ఆ తర్వాత మీ అమ్మ పిలిస్తే లేచి వెళ్ళిపోయావు. నువ్వు కూర్చుండిపోవలసింది అక్కడే.

నేనూ ఒకసారి ఇలాగే లేచి వెళ్ళిపోయాను. ఎం.ఫిల్. రోజుల్లో ఒంటరితనం మీద ఒక విదేశీ ప్రశ్నావళి తెలుగులోకి దించుకుని కొత్తపేటలో ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలు. వాకిట్లో బియ్యం చెరుగుతోంది. "మీకు ఒంటరిగా అనిపిస్తుందా?" అని చదివాను. ఆవిడ నవ్వి, "ఒంటరిగానా? పదకొండు మంది ఉన్న కొంపలో ఆ యోగం కూడానా తల్లీ!" అంది. నేను "ఎప్పుడూ లేదు" గడిలో టిక్కు పెట్టాను. ఇంకో నాలుగు ప్రశ్నలయ్యాక చేట కింద పెట్టి, మనసులో మాట చెప్పుకోడానికి ఆ ఇంట్లో ఒక్కరూ లేరని కళ్ళు తుడుచుకుంది. అప్పటికీ నేను టిక్కు మార్చలేదు. స్కోరు వేశాను, సగటు తీశాను, డిగ్రీ తెచ్చుకున్నాను. ఆవిడకి "ఒంటరి" అంటే చుట్టూ మనుషులు లేకపోవడం. నేను అడగాలనుకున్నదానికి ఆవిడ దగ్గరున్న మాటేమిటి అని అడిగి ఉంటే అదే పెద్ద పరిశోధన అయ్యేది. చేతికందిన ప్రశ్నని చేట పక్కనే వదిలేసి వచ్చాను.

అందుకని, మనం అనుకున్నట్టు జరగని చోట ఆగు. అక్కడినుంచే మొదలుపెట్టు.

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి. ఇలాంటిది ముందు ఎవరైనా చూశారా అని వెతుకు. చూశారు, దిగులు పడకు. మనం మనల్ని అంచనా వేసుకోడానికి చుట్టూ ఉన్నవాళ్ళతో పోల్చుకుంటామని మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లోనే సిద్ధాంతం కట్టాడు. ఒకే తెలివి ఉన్న ఇద్దరు పిల్లల్లో, గట్టి పిల్లలున్న బడిలో పడ్డవాడు చదువులో తనను తాను తక్కువగా అనుకుంటాడని హెర్బర్ట్ మార్ష్ 1980లలో చూపించాడు. చిన్న చెరువులో పెద్ద చేప అంటారు దాన్ని. మన వాడి ఏడుపుకి సగం జవాబు అక్కడుంది.

ఎదురు వాదమూ ఉంది. రాబర్ట్ చల్దీనీ బృందం 1976లో ఒక సరదా సంగతి ప్రచురించింది. తమ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు గెలిచాక, సోమవారం నాడు కాలేజీ పేరున్న చొక్కాలు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువట. గెలిస్తే "మేం గెలిచాం" అంటారు, ఓడితే ఆ "మేం" జారిపోతుంది. అంటే గొప్ప గుంపులో ఉండటం మనిషికి పొంగునీ ఇస్తుంది. మార్ష్ తన సహచరులతో 2000లో హాంకాంగ్ బడుల మీద ప్రచురించిన పనిలో ఈ కుంగూ ఆ పొంగూ రెండూ ఒకే పిల్లల్లో కనిపించాయి.

మరి నీకు మిగిలిందేమిటి? ఆ పరిశోధనల్లో పిల్లవాడు ఒక బడిలో చేరి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాడు. మన కాలేజీల్లోనో? టెస్టులను బట్టి సెక్షన్లు కలిపేస్తారు, విడదీస్తారు. చెరువు నెలనెలా మారిపోతుంటే చేప తన సైజు దేనితో కొలుచుకుంటుంది? పాత చెరువుతోనా, కొత్తదానితోనా? ఎన్ని రోజులకి మారుతుంది? ఇదీ ప్రశ్న. ఇందులో విజయవాడ పేరు తీసి ఇంకో ఊరు పెట్టు చూద్దాం. సెక్షన్లు అలా మారని ఊరైతే ప్రశ్నే కూలిపోతుంది.

ఇంకొంచెం పిండు. ఇంగ్లీషులో ఒకటే "ఉయ్". మనకి రెండున్నాయి, మనం, మేము. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, బయట పెడితే మేము. కొత్తగా పై సెక్షన్‌కి వచ్చిన పిల్లవాడు నీతో మాట్లాడేటప్పుడు "మేము" అని ఏ సెక్షన్‌ని అంటాడు? కొత్త బెంచీ మీద పక్కవాడితో "మనం" అని ఏ వారం అంటాడు? టెస్టు మార్కులు గోడకి అంటించగానే తన పేరు తర్వాత ఎవరి పేరు వెతుకుతాడు, పాత ఫ్రెండుదా, కొత్తవాడిదా? వెతికే పేరు ముందు మారి "మేము" వెనకబడితే కుంగు ముదురుతుంది, "మేము" ముందు మారితే పొంగు కాపాడుతుంది అని నా ఊహ. తలకిందులు కావచ్చు. అయినా నష్టం లేదు, చల్దీనీ చెప్పిన పొంగు ఇక్కడ ఎందుకు పారలేదో అప్పుడు చెప్పాల్సి వస్తుంది. ఈ ఊహని డేటా తీయకముందే తేదీ వేసి కాగితం మీద రాసిపెట్టు. తర్వాత "నేను ముందే అనుకున్నా" అనడం మన జాతికి మహా తేలిక, నాతో సహా.

పోలికకి ఎవర్ని తీసుకోవాలి అంటావేమో. కటాఫ్‌కి ఒకటి రెండు మార్కుల్లో తప్పిపోయి కిందే ఉండిపోయిన పిల్లల్ని తీసుకో. ఆ రెండు మార్కులు దాదాపు అదృష్టమే కాబట్టి వాళ్ళూ వీళ్ళూ ఒకటే బాపతు. థిసిల్‌త్వెయిట్, క్యాంప్‌బెల్ 1960లో మెరిట్ గుర్తింపు పొందిన విద్యార్థుల మీద ఇదే ఉపాయం వాడారు. రాత్రి స్టడీ అవర్ ముందు రెండు నిమిషాల చీటీ, మూడే ప్రశ్నలు. ఎనభై ప్రశ్నల స్కేలు ఇస్తే పిల్లలు అన్నింటికీ మధ్య గడిలో టిక్కు పెట్టి పోతారు. నేనైనా అదే చేస్తా.

చదవడం గురించి కూడా ఒక మాట. పాత పరిశోధనల మీద నువ్వు రాసిన రివ్యూ ముప్పై పేజీల్లో "ఫలానావారు ఇలా కనుగొన్నారు" తప్ప ఇంకేం లేదు. పేపర్లని అలా చదవకూడదే. రాసినవాడికి అంతుపట్టక వదిలేసిన ముక్క ఎక్కడుందో చూడు. 1934 బీహార్ భూకంపం తర్వాత జమునా ప్రసాద్ పుకార్లు పోగుచేశాడు. భూమి అదిరింది కానీ ఇళ్ళు కూలని ఊళ్ళలో "ఇంతకంటే పెద్ద ఉపద్రవం రాబోతోంది" అని పుకార్లు. బతికి బయటపడ్డవాళ్ళు తమని తామే ఎందుకు భయపెట్టుకుంటారు? డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు దుర్గానంద్ సిన్హా చూస్తే, నష్టం నడుమ ఉన్నవాళ్ళలో అలాంటి పుకార్లు లేవు. ఇందాకటి ఫెస్టింగరే ఈ వింత దగ్గర ఆగాడు. పుకారు భయం పుట్టించడం లేదేమో, అప్పటికే ఉన్న భయానికి ఒక కారణం వెతికి పెడుతోందేమో అని తిప్పి చూశాడు. మనసులో ఒకదానికొకటి పొసగని భావాలుంటే మనిషి వాటిని ఎలాగోలా పొసిగించుకోవాలని చూస్తాడనే ఆయన కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతం 1957లో వచ్చింది, దానికి మొలక అక్కడిది. మన బీహార్ పుకార్లు! మా క్లాసులో ఎవరూ చెప్పలేదు నాకు.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు ఇది గుర్తొచ్చింది. సింగ్ నగర్‌లో డాబా మీద ఉన్న మీ బాబాయి ఫోన్ చేసి పాల ప్యాకెట్లు ఎక్కడ ఇస్తున్నారని అడిగాడు. చుక్క నీరు రాని చోట ఉన్న చుట్టాలేమో మళ్ళీ కట్ట తెగిందట, ఊరు మునుగుతుందట అని గంటకోసారి ఫోను. నలుగురి ఫోన్లను బట్టి సిద్ధాంతం చేయను. కానీ డైరీలో రాసుకున్నాను. నువ్వూ ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. రోజుకొక్క వింత చాలు. వస్త్రలతలో కొట్టువాడు ముప్పై చీరలు దించాడని మొహమాటానికి ఒకటి కొనుక్కొచ్చిన మీ అమ్మ సంగతీ రాయి. మొహమాటానికి ఇంగ్లీషులో సరైన మాటే లేదు, దాన్ని సరిగ్గా కొలిచే స్కేలు ఒక్కటీ నా కంటపడలేదు. అది నీ పీహెచ్‌డీకి దాచుకో, ఇప్పుడు ముట్టుకోకు.

మీ గైడ్ గారి దగ్గరికి వెళ్ళి టాపిక్ మారుస్తానని మాత్రం అనకు. "సార్, ఒత్తిడినే ఇంకాస్త దగ్గరగా చూద్దామనుకుంటున్నా" అను. ఒక్క పేజీ ఇవ్వు. పిల్లలకి పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లిదండ్రుల అనుమతి కావాలి, పిల్లల ఇష్టమూ అడగాలి. ఇదంతా కాలేజీవాళ్ళు ఒప్పుకుంటేనే. సెక్షన్ల మాట ఎత్తగానే యాజమాన్యం మొహం ముడుచుకుంటుంది. పేరు బయటికి రాదని రాసిచ్చినా ఒకళ్ళిద్దరు కాదంటారు, మూడో గుమ్మం ఎక్కు. ఎవరూ ఒప్పుకోకపోతే నాకు చెప్పు, నా దగ్గర చదువుకుని ఇప్పుడు ప్రిన్సిపాళ్ళయిన వాళ్ళు ఇద్దరున్నారు.

ఆదివారం పొద్దున బస్సుకి వచ్చెయ్. ఆ ముప్పై పేజీలు తేవద్దు. ఆ అబ్బాయి ఇంకా ఏమన్నాడో, ఏ మాటల్లో అన్నాడో గుర్తున్నంతవరకు అదే వరసలో రాసుకుని రా. పోయినసారి పట్టుకెళ్ళిన పచ్చడి సీసాలు కూడా.

మీ పెద్దమ్మ