ఆపరేషన్‌కు ముందు గుండెను చూసి అభిప్రాయం రాసే వైద్యురాలికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

గుండెకు సంబంధం లేని ఆపరేషన్లకు వచ్చే రోగులను ముందుగా పరీక్షించి అభిప్రాయం రాసే పని నీకు అప్పగించారనీ, వచ్చిన ప్రతి కేస్ షీట్ మీదా "ఫిట్టేనా?" అన్న ఒక్క ప్రశ్నే ఉంటోందనీ రాశావు. దానికి అవునని ఒక ముక్క రాసి సంతకం పెడితే సర్జన్ సంతోషిస్తాడు, రోగి బంధువులూ సంతోషిస్తారు. అయితే మత్తు వైద్యులతోనూ సర్జన్లతోనూ కలిసి పనిచేసిన ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ రోగుల గుండె దెబ్బతినడం ఆపరేషన్ బల్ల మీద అరుదు; అక్కడ నాడినీ రక్తపోటునూ క్షణక్షణం కనిపెట్టుకుని ఒక మనిషి కూర్చునే ఉంటాడు. దెబ్బ తగిలేది ఎక్కువగా వార్డుకు వచ్చిన తరువాత, మొదటి రెండు మూడు రోజుల్లో. అందువల్ల నువ్వు రాసే కాగితం ఆ రెండు మూడు రోజులకు పనికివచ్చేదిగా ఉండాలి. ఏ మందు ఆపాలి, ఏది ఆపకూడదు, ఏ పరీక్ష ఎప్పుడు చేయాలి, ఏ అంకె దాటితే ఎవరిని పిలవాలి అన్నవి రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరుకు నీ రాత చూడగానే తెలియాలి.

ఆపరేషన్ వల్ల గుండె మీద ఎలాంటి భారం పడుతుందో ఒకసారి మనసులో పెట్టుకో. మత్తు ఇచ్చాక రక్తపోటు పడిపోతుంది. కోసిన గాయం, నొప్పి, చలి కలిసి ఒత్తిడి హార్మోన్లను పెంచితే నాడి వేగం అందుకుంటుంది, రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువవుతుంది. పోయిన రక్తం వల్ల ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గుతుంది. గుండె కండరానికి, అందులోనూ ఎడమ జఠరికకు, రక్తం ప్రధానంగా అందేది గుండె సడలే వేళలోనే. నాడి వేగం పెరిగినకొద్దీ కుదించుకుపోయేది ఆ సడలింపు కాలమే. అందుకే ఆపరేషన్ తరువాత వచ్చే గుండె దెబ్బల్లో చాలా భాగం, రక్తనాళం ఒక్కసారిగా పూడుకుపోయి వచ్చేవి కాకుండా, అవసరానికీ సరఫరాకూ పొంతన కుదరక గంటల తరబడి సాగిన కరువు వల్ల వచ్చేవిగా ఉంటాయి. కొవ్వు పొర చిట్లి గడ్డ కట్టే రకమూ లేకపోలేదు.

రోగి ఎదుట కూర్చోగానే ముందుగా తేల్చుకోవలసింది గుండె సంగతి కాదు, ఆపరేషన్ ఎంత తొందరదన్న సంగతి. పేగు చిల్లుపడిన మనిషికి ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష) కోసం ఎదురుచూడటం ప్రాణం తీయడమే. తుంటి ఎముక విరిగిన వృద్ధుల విషయంలో కూడా పరీక్షల పేరుతో రోజులు గడపడం వాళ్లకు మేలు చేయదు. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరిగి లేచి కూర్చోవడమే వాళ్ల గుండెకూ ఊపిరితిత్తులకూ రక్షణ. క్యాన్సర్ ఆపరేషన్లకు కొద్ది వారాల వెసులుబాటు ఉంటుంది. పూర్తిగా వాయిదా వేయదగ్గ ఆపరేషన్ అయితేనే నీ చేతిలో నిజంగా సమయం ఉన్నట్టు లెక్క. ఏ ఆపరేషన్‌కైనా ప్రస్తుతం గుండెపోటు నడుస్తున్నదా, గుండె వైఫల్యం అదుపు తప్పి ఉందా, ప్రమాదకరమైన లయ తప్పుదల ఉందా అన్నవి మాత్రం చూడక తప్పదు.

తరువాత రోగి శక్తిని అంచనా వేయాలి. ఆగకుండా రెండు అంతస్తుల మెట్లు ఎక్కగలిగితే సుమారు నాలుగు మెట్‌ల శక్తి ఉందని మనం చెప్పుకుంటాం. ఒక మెట్ అంటే ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు వాడుకునే ఆక్సిజన్, అంటే కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్లు. అయితే "మెట్లు ఎక్కగలరా?" అని అడిగి, "ఎక్కుతానండీ" అన్న జవాబు రాసుకుని ఊరుకోవద్దు. డాక్టరు ముఖం చూసి వేసే ఈ అంచనా నమ్మదగ్గది కాదని 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన మెట్స్ అధ్యయనం చూపించింది. పన్నెండు ప్రశ్నల డ్యూక్ ప్రశ్నావళి అంతకన్నా మెరుగని అందులోనే తేలింది. మోకాళ్ల నొప్పితో మూడేళ్లుగా గది దాటని మనిషి ఆయాసం లేదనే చెబుతాడు, ఆయాసపడేటంత పని చేయడు కనుక. అలాంటి వారిని నీ గది నుంచి వరండా చివరిదాకా నడిపించి, తిరిగి వస్తున్నప్పుడు పక్కనే నడుస్తూ మాట్లాడించు. మాట మధ్యలో ఎక్కడ ఊపిరి కోసం ఆగుతున్నారో నీకే వినిపిస్తుంది.

ప్రమాదాన్ని లెక్కగట్టడానికి 1999లో లీ బృందం ఇచ్చిన ఆరు అంశాల సూచిక నేటికీ పనికివస్తుంది. పొట్ట లోపల, ఛాతీ లోపల లేదా గజ్జలకు పైనున్న రక్తనాళాల మీద చేసే ఆపరేషన్, గుండె రక్తనాళాల జబ్బు, గుండె వైఫల్యం, పూర్వం వచ్చిన పక్షవాతం, ఇన్సులిన్ వాడే మధుమేహం, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ 2 దాటడం అందులోని అంశాలు. రెండు మూడు కలిసిన రోగి విషయంలో జాగ్రత్త పెంచాలి. కానీ ఈ సూచికలో వయసు లేదు, రక్తహీనత లేదు, కవాటాల జబ్బు లేదు. వాటిని నువ్వే జోడించుకోవాలి.

కవాటం మాట వచ్చింది కనుక స్టెతస్కోప్ గురించి ఒక మాట. గుండె పైభాగాన కుడివైపు వినిపించి మెడలోకి పాకే గరుకు శబ్దం ఉండి, పైగా రోగికి ఎప్పుడైనా స్పృహ తప్పడమో నడకలో ఛాతీ నొప్పో ఉంటే ఎకో తీయించకుండా పంపవద్దు. బృహద్ధమని కవాటం తీవ్రంగా సన్నబడిన మనిషికి వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు రక్తనాళాలు ఒక్కసారిగా వ్యాకోచిస్తే, ఆ సన్నని దారి గుండా గుండె అదనంగా రక్తాన్ని పంపలేక రక్తపోటు కుప్పకూలుతుంది. ఇది ముందే తెలిస్తే మత్తు వైద్యుడు పద్ధతి మార్చుకోగలడు. తెలియకపోవడంలోనే ప్రమాదమంతా ఉంది.

మిగిలిన పరీక్షల విషయంలో చేయి బిగించుకో. కంటిశుక్లం ఆపరేషన్‌కు వచ్చిన, ఏ కొత్త లక్షణమూ లేని మనిషికి ఎకో, ట్రెడ్‌మిల్, యాంజియోగ్రామ్ రాయడం వైద్యం కాదు, భయం. పరీక్ష ఫలితం నీ నిర్ణయాన్ని మారుస్తుందనుకుంటేనే రాయి. రక్తనాళాల ఆపరేషన్లకు ముందు స్థిరమైన గుండె జబ్బు ఉన్నవారికి స్టెంట్లో బైపాసో చేసి పంపితే మేలేమో చూద్దామని చేసిన కార్ప్ అధ్యయనంలో, ఆ తరువాతి సంవత్సరాల్లో మరణాలేమీ తగ్గలేదని 2004లో తేలింది. ఆపరేషన్ గట్టెక్కడం కోసమని స్టెంట్ వేయిస్తే, ఆ స్టెంటే ఆపరేషన్‌కు అడ్డమై కూర్చుంటుంది.

నువ్వు అడిగిన రోగి చిక్కు సరిగ్గా ఇదే. గుండెపోటుకు మందు పూత స్టెంట్ వేసి నాలుగు నెలలు, పిత్తాశయంలో రాళ్లు, అప్పుడప్పుడు కొద్దిపాటి నొప్పి, సర్జన్ తేదీ అడుగుతున్నాడు. కొత్త స్టెంట్ లోపలి గోడ మీద కణాల పొర ఇంకా పూర్తిగా పరుచుకోని దశలో గడ్డ కట్టకుండా వాడే రెండు మందులూ, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఆపేసి, ఆ పైన రక్తం చిక్కబడే ఆపరేషన్ చేస్తే స్టెంట్ లోపల గడ్డ కట్టవచ్చు; అలా కట్టిన గడ్డ చాలాసార్లు ప్రాణాంతకం. గుండెపోటుకు వేసిన స్టెంట్ అయితే వాయిదా వేయదగ్గ ఆపరేషన్‌ను ఏడాది దాకా ఆపడం మంచిది. స్థిరమైన జబ్బుకు వేసినదైతే ఆరు నెలలు. ఆలస్యం వల్ల కలిగే హాని స్టెంట్ ప్రమాదం కన్నా ఎక్కువైతే మూడు నెలలు దాటాక ఆలోచించవచ్చు, అది కూడా స్టెంట్ వేసిన వైద్యుడితో మాట్లాడాకే. కాబట్టి నీ రోగిని ఇప్పటికి ఆగమను. ఈలోగా జ్వరంతోనో కామెర్లతోనో పిత్తాశయం తిరగబడితే లెక్క మారుతుంది. అప్పుడు ఆస్పిరిన్‌ను కొనసాగిస్తూ, క్లోపిడోగ్రెల్‌ను మాత్రం ఎన్ని రోజులు ఆపాలో నువ్వూ, సర్జనూ, స్టెంట్ వేసిన వైద్యుడూ కలిసి తేల్చి, తిరిగి మొదలుపెట్టే తేదీని కూడా అదే కాగితం మీద రాయాలి. స్టెంట్ లేని గుండెపోటు తరువాత కూడా కనీసం 60 రోజులు, పక్షవాతం తరువాత కనీసం మూడు నెలలు ఆగడం వాడుకలో ఉన్న పద్ధతి.

నీ అభిప్రాయంలో అన్నిటికన్నా శ్రద్ధగా రాయవలసింది మందుల భాగం. నాడి వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ ఎంతోకాలంగా వాడుతున్న మనిషికి దాన్ని ఆపవద్దు. ఆపితే నాడి ఎగసిపడుతుంది. వాడని మనిషికి ఆపరేషన్ రోజు ఉదయం కొత్తగా మొదలుపెట్టవద్దు. 2008లో వెలువడిన పాయిజ్ అధ్యయనంలో ఎనిమిది వేలకు పైగా రోగులను చూశారు. ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ మొదలుపెట్టినవారిలో గుండెపోట్లు తగ్గాయి గాని, పక్షవాతాలూ మరణాలూ పెరిగాయి. గుండెపోటు ఒక్కదాన్నే చూసుకుని సంబరపడితే మనిషి దక్కడన్నమాట. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు ఆపవలసిన పని లేదు. రక్తపోటుకు వాడే ఏస్ ఇన్హిబిటర్లు, సార్టాన్లు మత్తులో రక్తపోటును మరీ కిందికి లాగుతాయి కనుక, గుండె వైఫల్యం కోసం వాడనివారికి ముందురోజు నుంచి ఆపడం చాలాచోట్ల అలవాటు. మధుమేహానికి వాడే గ్లిఫ్లోజిన్ల గురించి తప్పకుండా అడుగు. వాటిని మూడు రోజుల ముందే ఆపాలి, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే నాలుగు. లేకపోతే చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోతాయి, ఆ వాంతులనూ ఆయాసాన్నీ ఆపరేషన్ బడలిక అనుకుని అందరూ వదిలేస్తారు.

స్టెంట్ లేనివారికి కేవలం ఆపరేషన్ రక్షణ కోసమని ఆస్పిరిన్ ఇవ్వడం వల్ల లాభం లేదని, రక్తస్రావం మాత్రం పెరుగుతుందని 2014లో పాయిజ్-2 అధ్యయనం చెప్పింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పుదలకు, రక్తం గడ్డ కట్టనివ్వని వార్ఫరిన్ వాడేవారికి దాన్ని ఐదు రోజుల ముందు ఆపితే చాలు. మధ్యలో అదే పని చేసే హెపారిన్ ఇంజక్షన్లతో వంతెన వేయడం వల్ల పక్షవాతాలు తగ్గలేదు, రక్తస్రావాలు పెరిగాయి అని 2015లో వచ్చిన బ్రిడ్జ్ అధ్యయనం తేల్చింది. లోహపు కవాటం ఉన్నవారి సంగతి వేరు, వాళ్లను ఈ లెక్కలో కలపవద్దు. పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు చూసి రకం రాయి. అయస్కాంతం పెడితే పేస్‌మేకర్ సాధారణంగా స్థిరమైన వేగంతో కొట్టడం మొదలుపెడుతుంది. షాక్ ఇచ్చే యంత్రమైతే షాక్ ఇవ్వడం ఆపుతుందే తప్ప పేసింగ్ తీరు మారదు. ఆపిన యంత్రాన్ని తిరిగి పనిచేయించేది ఎవరో కూడా రాయాలి.

క్లినిక్‌లో రక్తపోటు కాస్త ఎక్కువగా కనబడినంత మాత్రాన ఎవరినీ వెనక్కి పంపకు. పై అంకె 180 గాని కింది అంకె 110 గాని దాటితేనే వాయిదా గురించి ఆలోచించు. నా అనుభవంలో ఎక్కువ రక్తపోటు కన్నా, ఆపరేషన్ వేళా ఆ తరువాతా సగటు రక్తపోటు 60–65కి దిగువన గంటల తరబడి ఉండిపోవడమే గుండెకూ మూత్రపిండాలకూ ఎక్కువ చేటు చేసింది.

ఇక ఆ రెండు మూడు రోజుల సంగతి. ఆపరేషన్ తరువాత గుండె కండరం దెబ్బతిన్నవారిలో ఎక్కువమందికి ఛాతీ నొప్పే ఉండదు. నొప్పి తెలియకుండా మార్ఫిన్ లాంటి మందులు నడుస్తుంటాయి, మత్తు పూర్తిగా వదలదు, మధుమేహం వల్ల నరాలు మొద్దుబారి ఉంటాయి, ఉన్న కాస్త నొప్పినీ కోత నొప్పి అనుకుంటారు. అందుకే 65 ఏళ్లు దాటినవారికి, అంతకన్నా చిన్నవారైనా గుండె జబ్బు ఉన్నవారికి, పెద్ద ఆపరేషన్ అయితే ముందొకసారి, తరువాత 24, 48 గంటలకు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్ష చేయించమని రాయి. ముందు చేసిన అంకె లేకపోతే తరువాతి అంకెకు అర్థం ఉండదు, మూత్రపిండాల జబ్బులో అది ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది కనుక. ట్రోపోనిన్ పెరిగిన మనిషికి తరువాతి నెలరోజుల్లో మరణ ప్రమాదం ఎక్కువ, లక్షణాలున్నా లేకపోయినా. అలా పెరిగినప్పుడు వెంటనే హెపారిన్ కోసం పరుగెత్తకుండా ఈసీజీ తీయించి, రక్తపోటు, నాడి, హిమోగ్లోబిన్, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూసి సరిచేసి, ఆపైన సర్జన్‌ను అడిగి ఆస్పిరిన్, స్టాటిన్ల గురించి నిర్ణయించు.

వార్డుకు వెళ్లినప్పుడు నర్సు రాసిన చార్టును ముందురోజు సాయంత్రం నుంచి చదువు. నాడి 84, 92, 104, 118 అని నాలుగుసార్లుగా పెరుగుతూ వచ్చి, ఎదురుగా "రోగి నిద్రపోతున్నాడు" అని రాసి ఉంటుంది. ఆ వరుసకు కారణం ఉండి తీరుతుంది: చాలని నొప్పి మందు, లోపల రక్తస్రావం, ఇన్ఫెక్షన్, నీళ్లు తక్కువవడం, ఆపేసిన బీటా బ్లాకర్, లేదా ఊపిరితిత్తుల్లో చేరిన గడ్డ. నాడి లయ కొత్తగా తప్పితే కూడా ఇదే వెతుకులాట, దానికి తోడు పొటాషియం, మెగ్నీషియం. ఎక్కించిన సెలైన్ కణజాలంలో నిలిచి, రెండో మూడో రోజున రక్తనాళాల్లోకి తిరిగి వస్తుంది. బలహీనమైన గుండె ఉన్నవాడికి ఆయాసం వచ్చేది సాధారణంగా ఆ రోజే. అందుకే రోజూ బరువు తూచమని రాయి. కాళ్లలో గడ్డలు కట్టకుండా తగిన మోతాదు హెపారిన్‌తో పాటు, మొదటి రోజే లేపి నడిపించమని కూడా రాయి. నడకను ఆదేశంగా రాయకపోతే ఎవరూ లేపరు, బంధువులు అసలే లేవనివ్వరు.

ఇంటికి పంపే కాగితం సాధారణంగా సర్జికల్ యూనిట్‌లో ఎవరో కుర్ర డాక్టరు రాస్తాడు. ఆపిన మందులన్నీ దానిలో తిరిగి చేరాయో లేదో నీ కళ్లతో చూసుకో. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, సార్టాన్లు ఆపిన తేదీలు కేస్ షీట్‌లో భద్రంగా ఉంటాయి, మొదలుపెట్టే తేదీలు మాత్రం ఎక్కడా ఉండవు. ప్రతి మందుకూ ఎదురుగా తేదీ వేయించి, ట్రోపోనిన్ పెరిగిన రోగి అయితే ఆ అంకెతో పాటు గుండె వైద్యుడిని ఎప్పుడు కలవాలో కూడా అందులోనే రాయించి, ఇంట్లో మందులు చూసుకునే మనిషి ఎవరో వారిని పిలిచి ఆ కాగితాన్ని పైకి చదివించు.

ఆశీస్సులతో,
పెదనాన్న