పావలా మిత్తికి రియాక్టర్

ప్రశ్న: ఈజిప్టులో కట్టే అణు విద్యుత్ కేంద్రానికి రష్యా 3 శాతానికే అప్పిచ్చిందట. అంటే మన మహిళా సంఘాల పావలా మిత్తే కదా! ఇంత చవకైతే ప్రభుత్వాలు ఏండ్ల తరబడి దేనికోసం బేరమాడుతున్నాయి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీ లెక్క సరైనదే. ఎల్ దబాలో నాలుగు రియాక్టర్లకు ఇస్తానన్న 2,500 కోట్ల డాలర్ల మీద మిత్తి నూటికి నెలకు పావలానే. అయితే మిత్తి ఎంత అన్నదాని కంటే, కిస్తీ ఎప్పుడు మొదలు అన్నదే పెద్ద పేచీ.

నిర్మాణం ఏడేళ్లు అనుకుందాం. ఏటా మొదట్లో సమానంగా తీసుకుంటూ మొత్తం 100 కోట్లు వాడుకుని, మిత్తిని అసలులో కలుపుతూ పోతే, 4 శాతం దగ్గర పని పూర్తయ్యేనాటికి బాకీ 117 కోట్లు. 8 శాతమైతే 138. పని మూడేళ్లు ఆలస్యమైతే అవే 132, 173 అవుతాయి, అదనంగా ఒక్క ఇటుక పెట్టకపోయినా! ఇక కిస్తీ ఫలానా తేదీకని రాసుకుంటే, పత్తి ఎనుమాముల మార్కెట్‌కు చేరకముందే బాకీ కట్టమన్నట్టే. హంగరీకి ఈ ముప్పే వచ్చింది. పాక్ష్ అణు కేంద్రం విస్తరణకు 2014లో రష్యాతో 1,000 కోట్ల యూరోల వరకు అప్పు కుదుర్చుకుంది. పని నత్తనడకన సాగడంతో 2021లో ఒప్పందం మార్చి, కొత్త యూనిట్లు నడిచాకే అసలు కట్టేలా చేసుకుంది.

రెండో పేచీ, మారే మిత్తికి పైహద్దు. రూప్పూర్ అణు కేంద్రం కోసం బంగ్లాదేశ్ 2016లో రష్యా నుంచి 1,138 కోట్ల డాలర్ల అప్పు కుదుర్చుకుంది. మిత్తి లైబర్ (లండన్ బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే అప్పటి రేటు) మీద 1.75 శాతం, కానీ 4 దాటకూడదు. 2023లో డాలర్ లైబర్ ఒక్కటే 5 దాటింది. ఆ ఒక్క షరతు ఎంత కాపాడిందో చూడండి. అదే అప్పులో చెల్లింపు దారి మాత్రం మూసుకుపోయింది: 2022 తర్వాత ఆంక్షల వల్ల డబ్బున్నా రష్యాకు పంపలేని స్థితి. ఏ కరెన్సీలో, ఏ బ్యాంకు ద్వారా, అది ఆగితే మరో దారేది అన్నది ముందే రాసుకోవాలి.

రియాక్టర్లు అమ్మే దక్షిణ కొరియా, ఫ్రాన్స్ ఇంత సడలింపు ఇవ్వలేవు. ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) ఎగుమతి అప్పుల కట్టుబాటు ప్రకారం కొనేవాళ్లు సాధారణంగా 15 శాతం ముందే పెట్టుకోవాలి. అప్పు తీర్చే గడువు 18 ఏళ్లు ఉండేది, 2023లో 22 చేశారు. రష్యా, చైనా అందులో లేవు.

ప్రశ్న: అప్పు గొడవ లేకుండా, అమ్మేవాళ్లనే కట్టి నడుపుకోమంటే పోదా?
– ఒక పాఠకురాలు, రామగుండం

జవాబు: టర్కీ అక్కుయులో అదే చేసింది. 2010 ఒప్పందం ప్రకారం కేంద్రం రష్యా కంపెనీది. టర్కీ 15 ఏళ్లపాటు యూనిట్‌కు సగటున 12.35 సెంట్లిచ్చి, మొదటి రెండు రియాక్టర్ల కరెంటులో 70 శాతం, తర్వాతి రెండింటిలో 30 శాతం కొనాలి. అప్పు పోలేదు, కరెంటు బిల్లులో చేరింది. మిగతా కరెంటును బజారులో అమ్ముకునే నష్టభయం మాత్రం అవతలివాళ్లది.