లిస్బన్ నుంచి హెల్సింకీ వచ్చే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

టికెట్ చూస్తున్నానని రాశావు. అదంతా యూరప్‌లోనే కదా, ఎంతసేపులే అనుకోకు. లిస్బన్ ఓ మూల, హెల్సింకీ ఇంకో మూల. గాల్లో సుమారు 3,360 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్–ఢిల్లీకి రెండున్నర రెట్లకు పైనే. నేరుగా వచ్చే విమానమైనా ఐదు గంటలు వేసుకో. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి వల్ల ఇంకాస్త పడుతుంది.

టికెట్ మీద వేసే టైములు ఎక్కడివక్కడివే. హెల్సింకీ రెండు గంటలు ముందుంటుంది. పొద్దున 10కి ఎక్కితే ఇక్కడ దిగేసరికి సాయంత్రం 5. వెళ్ళేటప్పుడు ఇక్కడ 5:30కి ఎక్కితే అక్కడ 8:45కే దిగుతావు. అది చూసి మూడుంపావు గంటల ప్రయాణమే అనుకునేవాళ్ళున్నారు. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో రెండు చోట్లా ఒకేసారి గడియారం మారుతుంది కాబట్టి ఈ తేడా ఎప్పుడూ అంతే. మారేది ఇండియాతోనే. చలికాలంలో హెల్సింకీకి మూడున్నర గంటలు, వేసవిలో రెండున్నర. అమ్మకు ఫోన్ చేసేటప్పుడు గుర్తుంచుకో.

నువ్వు లెక్కేయాల్సింది గుమ్మం నుంచి గుమ్మానికి. పది గంటల విమానానికి ఏడింటికే గది తాళం వేయాలి. మెట్రో రెడ్ లైన్ ఎయిర్‌పోర్ట్ దాకా వస్తుంది. చవక విమానమైతే రెండో టెర్మినల్ కావచ్చు, అక్కడికి మళ్ళీ షటిల్ బస్సెక్కాలి. ఇక్కడ దిగి, బ్యాగు తీసుకుని, ఐ లైను గానీ పీ లైను గానీ రైలెక్కితే అరగంటలో ఊళ్ళో ఉంటావు. ఇల్లు చేరేసరికి ఏడు. అంటే రాకకే పూర్తిగా పది గంటలు పోతాయి, ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకు.

నేరు విమానం దొరక్కపోతే ఫ్రాంక్‌ఫర్ట్, కోపెన్‌హాగెన్ లాంటి చోట మారు. లండన్ మీదుగా చవకగా కనిపించినా వద్దు. అది షెంజెన్ బయట, అంటే సరిహద్దు తనిఖీల్లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల్లో లేదు. పాస్‌పోర్ట్ తనిఖీలు ఉంటాయి, మన పాస్‌పోర్ట్‌కు ట్రాన్సిట్ వీసా గొడవా ఉండొచ్చు. మారేచోట రెండు గంటలైనా ఉండనీ.

అన్నిటికన్నా ముఖ్యం, రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఎవరూ పట్టించుకోరు, కొత్త టికెట్ నీ డబ్బుతోనే. ఒకే బుకింగ్ అయితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్ళది. మూడు గంటలో అంతకుమించో ఆలస్యంగా చేరిస్తే, తప్పు వాతావరణంలాంటి వాళ్ళ చేతిలో లేని కారణాలది కాకపోతే, యూరోపియన్ చట్టం 261 ప్రకారం నీకు 400 యూరోలు రావాలి. యూరప్ లోపల 1,500 కిలోమీటర్లు దాటిన దూరాలన్నిటికీ అదే లెక్క. బోర్డింగ్ పాస్ పారేయకు.

బ్యాగు ఇచ్చేటప్పుడు ట్యాగు మీద చివరి ఊరు హెచ్ఈఎల్ (హెల్సింకీ ఎయిర్‌పోర్ట్ కోడ్) అని ఉందో లేదో చూసుకునే కౌంటర్ వదులు. కోటు, చేతి తొడుగులు మాత్రం అందులో పెట్టకు, చేతి సంచిలోనే ఉండాలి. రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్ట్ రెండూ దగ్గరుంచుకో.

టికెట్ తీసుకోగానే విమానం నంబరు పంపు, స్టేషన్‌కు నేనొస్తాను.